టెండర్‌లో ఎంత బొగ్గు మిగిలిందో ముందు తేల్చుకోండి

టెక్కలి తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఓఓ స్కేలు (అసలు బండిలో 76వ వంతు సైజు) బ్రిటిష్ ఆవిరి ఇంజన్ మోడల్ ఒకటి కొన్నారు. ఇంజన్ ముచ్చటగానే ఉంది కానీ వెనక టెండర్ ఉత్త ప్లాస్టిక్ డబ్బాలా ఉంది, పైన బొగ్గంతా ఒకే ముద్ద. దాన్ని 1950లలో విజయనగరం నుంచి బొబ్బిలి, పార్వతీపురం మీదుగా రాయగడ వైపు పోయే పాసింజర్ టెండర్‌లా మార్చాలి. ఏ పార్టులు కొనాలి, రివెట్లు ఎలా పెట్టాలి, బొగ్గు ఎలా పొయ్యాలి?

పార్టుల సంగతి తర్వాత చూద్దాం. మీ బండి అప్పుడే విజయనగరంలో బొగ్గు ఎక్కించుకుని బయల్దేరుతోందా, లేక పార్వతీపురం దాటి సగం బొగ్గు మండించేసిందా? దీన్నిబట్టే మిగతా పనంతా నడుస్తుంది. టెండర్ అంటే బొగ్గూ నీళ్ళూ మోసే బండి. దాని మీద కనిపించే ప్రతి మరకా, ప్రతి గీతా ఎవరో పని చేసినందువల్ల పడిందే. కొన్న పార్టులన్నీ అంటించి, ఆ పని ఆనవాళ్ళు లేకపోతే ఖరీదైన బొమ్మగానే మిగులుతుంది.

నిండు టెండర్‌లో బొగ్గు పక్క రేకుల కన్నా ఎత్తుగా కుప్పపోసి ఉంటుంది. గంపలతో ఎత్తి పోశారంటే ఆ కుప్ప సమంగా ఉండదు, ఒక పక్క పొంగి ఉంటుంది. ఇంజన్ పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్ పారతో తీసేది ముందువైపు నుంచి కాబట్టి దారిలో ముందు భాగమే ఖాళీ అవుతూ వస్తుంది, వెనక గుట్ట అలాగే నిలబడి ఉంటుంది. పెద్ద ఇంజన్ల మీద ఇద్దరు ఫైర్‌మన్లు ఉండేవారు. రెండో ఆయన పనుల్లో వెనక బొగ్గును ముందుకు లాగడం, పెద్ద పెళ్ళలను పగలగొట్టడం ఉండేవి. అందుకని సగం దారిలో ఉన్న టెండర్ అయితే ముందు పల్లంగా, అడుగు రేకు కొంచెం బయటపడేలా, వెనక్కి ఏటవాలుగా ఎక్కేలా బొగ్గు పొయ్యాలి. కంపెనీ వాళ్ళు పోతపోసి ఇచ్చే ముద్ద చాలాసార్లు నాలుగు వైపులా ఒకే ఎత్తులో ఉంటుంది. చూడగానే బొమ్మ అనిపించేది అందుకే. నన్నడిగితే సగం ఖాళీ టెండరే చెయ్యండి. లోపలి రేకు, ఏటవాలు అడుగు, తుప్పు, అన్నీ చూపించడానికి చోటు దొరుకుతుంది.

ఇక పనిలోకి. టెండర్ విప్పి లోపల ఏముందో చూడండి. కొన్ని మోడళ్ళలో బొగ్గు ముద్ద కింద సర్క్యూట్ బోర్డు, డీకోడర్ (ఇంజన్‌ను అదుపు చేసే చిప్పు), స్పీకర్ ఉంటాయి. కొన్నింట్లో మోటారు కూడా టెండర్‌లోనే ఉంటుంది. అవి ఉంటే అంత లోతు తవ్వడం కుదరదు. పైపైన ఒక తట్ట అమర్చుకోవడమే. ఖాళీగా ఉంటే ముద్ద అంచు వెంబడి చిన్న డ్రిల్లుతో దగ్గర దగ్గరగా రంధ్రాలు వేసుకుని, మధ్య ప్లాస్టిక్‌ను బ్లేడుతో కోసి ముద్దను ఊడదీయండి. తొందరపడి బలంగా నొక్కితే పక్క గోడ చీలుతుంది. అడుగుకు, ఏటవాలుకు అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు చాలు. పాత పీవీసీ ఐడీ కార్డులు ఈ పనికి బాగానే పనికొస్తాయి.

ఇప్పుడు చాలామంది వదిలేసే పని ఒకటి చెబుతాను. మీ టెండర్ గోడ పై అంచు మందం కొలవండి. సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. ఓఓ స్కేలు 1:76 కాబట్టి అసలు బండిలో అది 76 మిల్లీమీటర్లు, అంటే మూడు అంగుళాల మందం రేకు అన్నమాట! టెండర్ రేకు నిజానికి ఆరు మిల్లీమీటర్ల చిల్లర ఉంటుందేమో. దాన్ని స్కేలుకు తగ్గిస్తే మీ చేతిలో మిగిలేది మిల్లీమీటరులో పదో వంతు కూడా కాదు. ప్లాస్టిక్‌ను అంత పలచన చెయ్యలేం, చెయ్యక్కర్లేదు కూడా. బయటి వైపు ముట్టుకోకుండా, లోపలి వైపు నుంచి పై రెండు మూడు మిల్లీమీటర్ల మేర ఆకురాయితో ఏటవాలుగా అరగదీసి అంచును 0.3 మిల్లీమీటర్లకు తీసుకురండి. కంటికి కనిపించేది అంచే కాబట్టి మొత్తం గోడ పలచనిదే అనుకుంటుంది. గంట పని, రూపాయి ఖర్చు లేదు. బజారులో దొరికే ఏ ఇత్తడి పార్టుకన్నా ఇదే ఎక్కువ తేడా తెస్తుంది. మీ మోడల్లో అంచు మీద గుండ్రటి పట్టీ ఉంటే అరగదీసిన తర్వాత సన్నటి ఇత్తడి తీగ దాని మీద అంటించండి.

తీగలంటే గుర్తొచ్చింది. మోడలింగ్ షాపుల నుంచి తెప్పించుకునే తీగ కొరియరు ఖర్చుతో కలిపి తడిసి మోపెడవుతుంది. బొబ్బిలి వీణల ఊళ్ళకు దగ్గర్లో ఉండి మనం దిగులు పడక్కర్లేదు. వీణ తంతుల్లో ఇత్తడివి ఉంటాయి, సంగీత వాయిద్యాల షాపులో రకరకాల మందాల్లో అమ్ముతారు. మందం కొలిచే కాలిపరు పట్టుకెళ్ళి కొలిచి తీసుకోండి. చేతికమ్మీకి 0.4 మిల్లీమీటర్లు, మంటలు కదిలించే ఊచలకు 0.3 సరిపోతుంది. ఉక్కు తంతి మాత్రం వద్దు. మన సముద్రపు గాలికి రంగు కిందనే తుప్పు పట్టి పెచ్చు లేస్తుంది. ఇత్తడి రేకు ముక్కలు కావాలంటే బుడితి వైపు పనివాళ్ళను అడిగి చూడండి.

ప్లాస్టిక్ మీద అచ్చుపోసిన చేతికమ్మీలను బ్లేడుతో చెక్కేసి, కొసల్లో 0.5 డ్రిల్లుతో రంధ్రాలు వేసి తీగ దూర్చండి. గోడకూ తీగకూ మధ్య సందు సమంగా రావాలంటే అట్టముక్క ఒకటి మధ్యలో పెట్టి, లోపలి నుంచి జిగురు ముట్టించి, తర్వాత అట్ట లాగేయండి. సూపర్ గ్లూ ఎక్కువైతే చుట్టూ తెల్లటి పొర కడుతుంది, మూసిన డబ్బాలో అయితే ఇంకా ఎక్కువ. సూది మొనతో ముట్టించడమే మంచిది. సోల్డరింగ్ చేసేవాళ్ళయితే ఫ్లక్సును నీళ్ళతో, పాత టూత్ బ్రష్‌తో కడగడం మరిచిపోవద్దు. కడక్కపోతే ఇత్తడి మీద పచ్చటి చిలుము లేచి రంగును తినేస్తుంది.

రివెట్ల గురించి ప్రత్యేకంగా అడిగారు. ముందు ఫోటో చూడండి. వెల్డింగ్ చేసిన ట్యాంకు అయితే రివెట్ల గొడవే లేదు, లేని చోట పెట్టడం కూడా తప్పే. ఉన్న టెండర్ అయితే రివెట్ తల ఓఓలో 0.3 మిల్లీమీటర్ల దగ్గర వస్తుంది. సులువైన దారి: పలచటి ఇత్తడి రేకు గాని, మంచి మందపు కాగితం గాని టెండర్ పక్క గోడ ఆకారానికి కత్తిరించండి. వెనక వైపు గ్రాఫ్ కాగితం అంటించి గళ్ళ మీద ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను మొనతో నొక్కుకుంటూ పోండి. ముందు వైపు బుడిపెలు లేస్తాయి. కింద మెత్తటి రబ్బరు షీటు వేసుకుంటే బుడిపెలన్నీ ఒకే ఎత్తులో వస్తాయి. కాగితమైతే సూపర్ గ్లూ పలచగా పీల్చనిస్తే గట్టిపడుతుంది. దాన్ని గోడ మీద తొడుగులా అంటించడమే. డబ్బులు పెట్టగలిగితే రెసిన్ రివెట్ల డెకాల్స్ దొరుకుతాయి, నీళ్ళలో నానబెట్టి అంటించుకోవచ్చు. పని శుభ్రంగా వస్తుంది. జిగురు చుక్కలతో రివెట్లు పెట్టమని కొందరు చెబుతారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఎంత చేయి తిరిగినవాళ్ళకైనా చుక్క చుక్కకీ తేడా వస్తుంది.

వెనక పైభాగంలో నీళ్ళు పోసే మూత ఉంటుంది. బ్రిటిష్ మోడళ్ళలో కొన్నింటికి దాని దగ్గర గుమ్మటంలా ఇంకొకటి కూడా కనిపిస్తుంది. అక్కడ పట్టాల మధ్య కట్టిన పొడవాటి తొట్ల లోంచి, బండి పరిగెడుతుండగానే నీళ్ళు తోడుకునే ఏర్పాటు కొన్ని రైల్వేల్లో ఉండేది. ఆ గుమ్మటం దానికోసం. మన పాసింజర్ స్టేషన్లో వాటర్ కాలమ్ కింద ఆగి నీళ్ళు పట్టుకునేదే కాబట్టి దాన్ని కోసి చదును చేసేయండి. మూత చుట్టూ మాత్రం శ్రద్ధ పెట్టండి. నీళ్ళు పొంగిన ప్రతిసారీ వెనక గోడ మీదుగా కారేవి. ఆ చారలు ఎండాక సున్నపు తెలుపు మిగులుతుంది. మూత పక్కన చెల్లాచెదురుగా పడ్డ బొగ్గు నలుసులు నాలుగైతే చాలు.

బొగ్గు అసలైనదే వాడండి. రాక్షసి బొగ్గు పిడికెడు కావాలంటే ఇటుక బట్టీ దగ్గర అడిగితే దొరుకుతుంది. పట్టాల పక్కన ఏరుకోవడానికి వెళ్ళొద్దు. రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అది నేరం, పైగా ప్రాణం మీదకు వస్తుంది. కట్టెబొగ్గు పనికిరాదు. పగిలిన చోట చెక్క నార కనిపిస్తుంది, రాక్షసి బొగ్గుకుండే పలకల మెరుపు రాదు. గుడ్డలో చుట్టి సుత్తితో కొట్టి, టీ వడపోతతో జల్లించి, మూడు సైజులుగా వేరు చెయ్యండి. పిడికిలంత బొగ్గు ఈ స్కేల్లో ఒకటిన్నర మిల్లీమీటరు లోపే. నాలుగు మిల్లీమీటర్ల ముక్క పెట్టారంటే అసలు బండిలో అది అడుగు పొడవు బండ, రెండో ఫైర్‌మన్ సుత్తి పట్టాల్సిందే. అలాంటివి వెనక గుట్టలో ఒకటీ రెండూ ఉంటే అందం, నిండా పరిస్తే మోడలంతా చిన్నబోతుంది. ముందు పల్లంలో చూర, వెనక మధ్యరకం, పైన అక్కడక్కడా పెద్దవి.

పొయ్యబోయే ముందు బొగ్గును నీళ్ళలో కడిగి ఆరబెట్టండి, లేకపోతే దుమ్ముకు జిగురు పట్టదు. కింద థర్మాకోల్ ముక్కను ఏటవాలుగా చెక్కి నల్లరంగు వేసి, దాని మీద బొగ్గు పరవాలి. థర్మాకోల్ మీద స్ప్రే రంగు కొట్టకండి, కరిగిపోతుంది. బ్రష్‌తో నీటి రంగు వెయ్యండి. బొగ్గు తర్వాత ఎప్పుడైనా తీసెయ్యాలనుకుంటే టెండర్ లోపల పలచటి పాలిథీన్ కాగితం పరిచి దాని మీద ఈ పనంతా చెయ్యండి. ఆరాక మొత్తం ఒక పలకలా లేచి వస్తుంది. నిండు లోడు ఒకటి, సగం లోడు ఒకటి చేసుకుని మార్చుకోవచ్చు.

పరిచిన బొగ్గు మీద సన్నటి స్ప్రే బాటిల్‌తో నీళ్ళు తుంపరగా కొట్టండి. ఆ తర్వాత ఒక వంతు ఫెవికాల్‌కు మూడు వంతుల నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, సూది తీసేసిన సిరంజితో చుక్క చుక్కగా వదలండి. తడి మీద పడ్డ జిగురు బొగ్గును కదపకుండా లోపలికి ఇంకిపోతుంది. పొడి మీద వేస్తే చుక్క పైనే ముత్యంలా నిలబడి ముక్కల్ని దొర్లిస్తుంది. ఇంకా తడిగా ఉండగానే పైన పొడి చూర చిటికెడు చల్లితే ఫెవికాల్ నిగనిగ చచ్చిపోతుంది. మర్నాటికి ఆరుతుంది, వానాకాలమైతే రెండ్రోజులు. ఆరాక తలకిందులు చేసి తట్టండి. రాలే నలుసులు ఇక్కడే రాలాలి. తర్వాత రాలితే నేరుగా గేర్లలోకి పోతాయి.

బరువు విషయంలో ఒక హెచ్చరిక. టెండర్ తేలికగా ఉండి పట్టాలు తప్పుతుంటే భావనపాడు, కళింగపట్నం వైపు వలలకు కట్టే సీసం గుళ్ళు దొరుకుతాయి, చవక. బాగా పనికొస్తాయి కానీ సీసాన్ని ఫెవికాల్‌తో మాత్రం అంటించకండి. ఈ తెల్ల జిగురు, తేమ కలిసి ఏళ్ళ తరబడి సీసం మీద తెల్లటి పొడిలాంటి పొర పెంచుతాయి. అది ఉబ్బి ఉబ్బి గోడల్ని చీల్చిన మోడళ్ళు ఎన్నో ఉన్నాయి. రెండు ట్యూబుల ఎపాక్సీ వాడండి. సీసం ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, పిల్లల చేతికి ఇవ్వకూడదు. బరువు కూడా మరీ పెంచొద్దు. లాగాల్సింది ఆ బుల్లి ఇంజనే కదా.

కింద భాగం గురించి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే టేబుల్ మీద నడిచే మోడల్లో దాన్ని చూసేవాళ్ళు తక్కువ. బ్రేకు దిమ్మలు పెట్టండి గానీ లోహంవి వద్దు. టెండర్ చక్రాల నుంచి కరెంటు తీసుకునే మోడలైతే దిమ్మ చక్రానికి తగలగానే షార్టవుతుంది. ప్లాస్టిక్‌తో చేసి వెంట్రుక వాసి సందు వదలండి. గేజి (రెండు పట్టాల మధ్య వెడల్పు) గురించి ఎవరో తప్పకుండా అంటారు కాబట్టి ముందే చెబుతున్నా. మన బ్రాడ్ గేజి 1676 మిల్లీమీటర్లు, ఓఓ స్కేల్లో అది 22 రావాలి. మీ పట్టాలు 16.5 మాత్రమే. వెనక నుంచి చూస్తే చక్రాలు లోపలికి నొక్కుకున్నట్టు కనిపిస్తాయి, దాన్ని భరించాల్సిందే. బ్రేకు దిమ్మలను మాత్రం అసలు వెడల్పుకు లెక్కగట్టి బయటకు పెట్టకండి, మీ చక్రం ఎక్కడుందో అక్కడే ఉండాలి.

ఇంజనుకూ టెండర్‌కూ మధ్య సందు ఇంకో ముఖ్యమైన చోటు. బొమ్మ పట్టాల మలుపులు మరీ ఇరుకు కాబట్టి కంపెనీ వాళ్ళు సందు ఎక్కువ వదులుతారు. లింకు పట్టీకి రెండో రంధ్రం ఉంటే దగ్గరకు మార్చండి. లేకపోతే పలచటి ఇత్తడి పట్టీతో పొట్టి లింకు మీరే చేసుకోవచ్చు. మీ దగ్గరున్న అన్నిటికన్నా ఇరుకు మలుపులో, ముందుకీ వెనక్కీ తోసి చూశాకే ఖాయం చేసుకోండి. సందు మీద వాలే తొక్కుడు రేకును ఇంజన్ వైపే అంటించి, టెండర్ వైపు ఊరికే వాలనివ్వండి. నీళ్ళ గొట్టాలు కూడా అంతే, ఒక కొస వదులుగా ఉండాలి. ఇక్కడ ఇద్దరు మనుషులు నిలబడి పార తిప్పారని గుర్తుంచుకుంటే రంగు దానంతటదే తెలుస్తుంది: తొక్కి తొక్కి మెరిసిన రేకు, మూలల్లో బొగ్గు చూర.

మనుషుల సామాను కూడా పెట్టండి, కానీ పొదుపుగా. డ్రైవరు సామాను పెట్టుకునే ఇనప లైన్ బాక్సు ఒకటి, బకెట్టు, పార. పార ఆకును కూల్‌డ్రింక్ టిన్ను రేకుతో కత్తిరించవచ్చు. మంటలు కదిపే ఊచలు అసలువి రెండున్నర, మూడు మీటర్లు ఉంటాయి, అంటే మీకు 33 నుంచి 40 మిల్లీమీటర్లు. ఒకటి కొస వంచి కొక్కెంలా, ఒకటి సుత్తితో సాగగొట్టి చదునుగా చేసి టెండర్ పక్కన కొక్కేల మీద పెడితే సరి.

రంగు దగ్గర నా పట్టుదల ఒకటే, సీసాలోంచి తీసిన నలుపు నేరుగా వెయ్యకండి. ఇంత చిన్న వస్తువు మీద ఆ నలుపు వివరాలన్నిటినీ మింగేస్తుంది. కొంచెం బూడిద, ఆవగింజంత గోధుమ కలపండి. బొగ్గు గది లోపల గోధుమ తుప్పు, దాని మీద బొగ్గు రాసుకున్న నలుపు. అంచులకు, మెట్లకు, పార తగిలే చోట 6బీ పెన్సిల్ రుద్దితే అరిగిన ఇనుము నిగారింపు వచ్చేస్తుంది. యాక్సిల్ బాక్సుల మీద నూనె తడి కోసం మెరిసే వార్నిష్ చుక్క. అడుగు భాగానికి మన గరువు నేల ఎర్రదుమ్ము. దానికి పొడి పాస్టెల్ రంగు గీకి మెత్తటి బ్రష్‌తో అద్దితే చాలు. వెనక గోడ మీద నీటి చారలకు పలచటి తెలుపు వేసి, తడి దూదిపుల్లతో పైనుంచి కిందికి లాగండి. ఒక్క దిశలోనే లాగాలి, అడ్డంగా తుడిస్తే పనంతా పాడు. చివర మెరుపు లేని మ్యాట్ వార్నిష్ స్ప్రే చేసేటప్పుడు వాతావరణం చూసుకోండి. ముసురు పట్టిన రోజు, వాయుగుండం ఉందన్న రోజు కొడితే గాలిలో తేమకు వార్నిష్ తెల్లబారుతుంది. పొడి ఎండ ఉన్న పూట నీడలో కొట్టడం మేలు.

అక్షరాలు వేసే ముందు మీ బండి ఏ సంవత్సరానిదో ఖాయం చేసుకోండి, 1950లు అంటే చాలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే 1944లోనే ప్రభుత్వం చేతికి వచ్చినా పేరు అలాగే సాగి, 1952 ఏప్రిల్‌లో ఈస్టర్న్ రైల్వేలో కలిసింది. 1955 ఆగస్టులో మన లైను సౌత్ ఈస్టర్న్ రైల్వే అయింది. అంటే ఆ పదేళ్ళలో మూడు పేర్లు. పాత ఇంజన్ మీద కొత్త పేరు ఉండొచ్చు గానీ, 1953 బండి మీద సౌత్ ఈస్టర్న్ అని ఉండదు.

ఫోటోల కోసం హరియాణాలోని రేవాడీ షెడ్డు ఇంజన్లు చూడమని చాలామంది చెబుతారు. కొలతలకు, పార్టులు ఎక్కడున్నాయో తెలుసుకోవడానికి అవి మంచివే. రంగుకు, మురికికి మాత్రం వాటిని నమ్మొద్దు. టూరిస్టుల కోసం తుడిచి మెరిపించినవి అవి. పనిలో ఉన్న రోజుల నాటి నలుపు తెలుపు ఫోటోలు వెతకండి. టెక్కలివారు కాబట్టి నౌపడ–గుణుపూర్ చిన్న రైలు ఫోటోలు ఇంట్లో ఎవరి దగ్గరైనా ఉండొచ్చు. అందులో ట్యాంక్ ఇంజన్ కనిపిస్తే దానికి వెనక టెండర్ ఉండదు, బొగ్గూ నీళ్ళూ దాని ఒంటి మీదే మోసుకుంటుంది.

కొనాల్సిన వాటి లిస్టు ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది: 0.3, 0.4, 0.5 డ్రిల్లు బిట్లు, బిట్టును పట్టుకుని చేతితో తిప్పే పిన్ వైజు, సన్న ఆకురాళ్ళ సెట్టు, మ్యాట్ వార్నిష్. వెనక తగిలించడానికి బ్రేకుల వ్యాక్యూమ్ గొట్టం, పెట్టెలను కలిపే స్క్రూ కప్లింగు రెడీమేడ్‌గా కొనడమే మేలు, అంత చిన్నవి ఇంట్లో చెయ్యడం శ్రమకు తగ్గ పని కాదు. పెట్టెలు లాగుతూ నడిచే మోడలైతే స్క్రూ కప్లింగు కూడా వదిలేసి కంపెనీ కొక్కేన్నే ఉంచుకోండి. గోడ అంచు అరగదీశాక, రంగు వెయ్యకముందు, పైనుంచి ఒక ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఏటవాలు అడుగు ఎంత లోతు రావాలో చూసి చెబుతాను.